మొదలగువారు

మా సెంటర్లో ట్యాంకు పెట్టాలన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. ఎందుకు నెగ్గిందో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఆ రోజు చెయ్యెత్తినవాళ్ళలో ముప్పాతిక మంది దాన్ని నీళ్ళ ట్యాంకు అనుకున్నారు.

వాళ్ళ తప్పేం లేదు. నడివేసవి. బెంజ్ సర్కిల్ నుంచి పావుగంట నడిస్తే వచ్చే మా కాలనీలో పై అంతస్తులకు నీళ్ళెక్కక, ఆడా మగా అందరూ బిందెలు పట్టుకుని మెట్లెక్కుతున్న రోజులు. అసోసియేషన్ ప్రెసిడెంటు గారు మైకు అందుకుని, మన నాలుగు రోడ్ల సెంటరుకు ట్యాంకు శాంక్షనైందని ప్రకటించారు. చప్పట్లు ఆగలేదు. మా పై ఫ్లాటావిడ ఎన్ని వేల లీటర్లు పడుతుందని అడిగింది. ప్రెసిడెంటు గారికి టైల్స్ షాపు ఉంది. అవతలివాళ్ళు అడిగినదాంట్లో సగమే వినపడటం ఆయనకు వ్యాపారంలో అబ్బిన గుణం. పెద్దదేనండీ అన్నారు. మళ్ళీ చప్పట్లు.

అది యుద్ధంలో వాడి పక్కన పెట్టేసిన పాత ట్యాంకని నాకు తెలుసు. దాన్ని దిమ్మె మీద నిలబెట్టి, ఈ చుట్టుపక్కల నుంచి సైన్యంలోకి వెళ్ళి తిరిగిరాని తొమ్మిది మంది పేర్లు పక్కనే రాతి మీద చెక్కిస్తారనీ తెలుసు. రిటైరైన తెలుగు లెక్చరర్ని కాబట్టి శిలాఫలకం రాసే పని నాకే అప్పజెప్పారు. ఒక మాటకు రెండర్థాలుంటే దాన్ని శ్లేష అంటారని ముప్పై ఏళ్ళు పిల్లలకు చెప్పినవాణ్ణి. కళ్ళ ముందు సభ మొత్తం శ్లేషలో పడి కొట్టుకుపోతుంటే నోరు విప్పలేదు. స్వార్థం, ఇంకేం లేదు. ఆ తొమ్మిది పేర్లలో మా బాబాయి పేరుంది.

బాబాయి మా నాన్నగారికి ఆఖరి తమ్ముడు. బంగ్లాదేశ్ యుద్ధంలో పోయాడు. అప్పుడు నాకు తొమ్మిదేళ్ళు, పిన్నికి పంతొమ్మిది. వాళ్ళ పెళ్ళయి ఏడాది తిరగలేదు. మనిషి రాలేదు, పెట్టె రాలేదు, కవరులో ఒక కాగితం వచ్చింది. ఆ తర్వాత పిన్ని టీచరు ట్రైనింగు చేసి, చల్లపల్లిలో ముప్పై ఏళ్ళ పైన ఒకటో తరగతి పిల్లల చేత అక్షరాలు దిద్దించింది. ఇప్పటికీ అక్కడే ఉంటోంది.

ఆవిడకు ఒకటే కోపం. ఏ కాగితం చూసినా బాబాయి పేరు ముందు "లేటు" అని ఉంటుంది. పెన్షన్ పుస్తకంలో లేటు, రేషన్ కార్డులో లేటు, ఆవిడ నింపిన ప్రతి ఫారంలోనూ భర్త పేరు దగ్గర లేటు. "యాభై ఏళ్ళ నుంచీ లేటు, లేటు అంటూనే ఉన్నార్రా. మనిషా, పాసింజరు బండా?" అనేది. నవ్వుతూనే అనేది. ఆ నవ్వు చూస్తే మాత్రం నాకు అన్నం సయించేది కాదు.

శిలాఫలకం సంగతి ఆవిడకు ఫోన్లో చెప్పాను. రాతి మీద కూడా లేటు అని వేస్తారా అని అడిగింది. రాసేది నేనే కదా, వెయ్యనిస్తానా అన్నాను.

"అయితే వస్తాను," అంది. "మోకాళ్ళు ఏమైనా కానీ. ఆయన పేరు ఒక్కసారి శుభ్రంగా, ముందూ వెనకా ఏమీ తగలకుండా చూసుకుంటాను."

జూన్లో ట్రెయిలరు మీద ట్యాంకు దిగింది. జనం బిందెలతో సహా ఎదురెళ్ళారు. పెన్షన్ తీసుకునే పెద్దమనిషి ఒకాయన దాని చుట్టూ రెండుసార్లు తిరిగి, కుళాయి ఏ వైపు ఇచ్చారండీ అని డ్రైవరునే అడిగాడు. ముందుకు పొడుచుకొచ్చిన ఇనప గొట్టం నీళ్ళు పోసే రకం కాదని తెలిశాక అసలు గొడవ మొదలైంది. మోసం చేశారన్నారు, తీర్మానం చెల్లదన్నారు. ఆడవాళ్ళు ఖాళీ బిందెలకు తాళ్ళు కట్టి ఆ గొట్టానికే వరసగా వేలాడదీసి, ట్యాంకు కింద నీడలో ధర్నాకు కూర్చున్నారు. మా ఆవిడ కూడా కూర్చుంది. మధ్యాహ్నం వాళ్ళకు మజ్జిగ పట్టుకెళ్ళి ఇచ్చింది నేనే. కమిటీ మెంబరై ఉండి ధర్నాకు మజ్జిగేమిటని ప్రెసిడెంటు గారు నిష్ఠూరమాడారు.

వానలు పడ్డాయి, కుళాయిల్లో నీళ్ళెక్కాయి, ధర్నా దానంతటదే లేచిపోయింది. హమ్మయ్య అనుకుంటుండగా తూర్పు రోడ్డులో నర్సింగ్ హోమ్ డాక్టరు గారు లాయరు నోటీసు పంపించారు. ఫిరంగి గొట్టం సూటిగా ఆయన గేటు వైపు ఉందట. ఆపరేషనై స్ట్రెచరు మీద కళ్ళు తెరిచినవాడికి మొట్టమొదట అది కనపడితే తన పేషెంటు గతేమిటని ఆయన ప్రశ్న.

ప్రెసిడెంటు గారు వాస్తు సిద్ధాంతి గారిని పిలిపించారు. మా ఊళ్ళో స్థలం కొనేవాడు పట్టా చూడకముందే వీధిపోటు చూస్తాడు. రోడ్డు నేరుగా వచ్చి గుమ్మానికి గుద్దుకుంటే ఆ ఇంట్లో మనశ్శాంతి ఉండదని నమ్మకం. సిద్ధాంతి గారు ట్యాంకు ముందు కాసేపు కళ్ళు మూసుకుని నిలబడి, ఇది వీధిపోటు కాదు, ఫిరంగిపోటు అన్నారు. శాస్త్రంలో అలాంటి మాట లేదు. అప్పటికప్పుడు పుట్టించారు. సమాసం బాగా కుదిరిందని నేనే పైకి మెచ్చుకున్నాను. నా నోరు పడిపోనూ! సాయంత్రానికల్లా ఆ మాట కాలనీ అంతా పాకింది. అప్పటిదాకా ట్యాంకును చూసి సెల్ఫీలు దిగుతున్నవాళ్ళంతా గొట్టం ఎటుందో చూసుకోవడం మొదలుపెట్టారు.

ట్యాంకు పై భాగం తిరక్కుండా సైన్యంవాళ్ళు వెల్డింగు చేసి పంపించారు. గొట్టం తిప్పాలంటే ట్యాంకు మొత్తాన్ని క్రేనుతో ఎత్తి తిప్పాలి. డాక్టరు గారు నోటీసు వెనక్కి తీసుకుంటానన్నారు గానీ, తగ్గినట్టు కనపడకూడదని ఒక షరతు పెట్టారు. శిలాఫలకం మీద "సహకరించినవారు" అని తన పేరు వెయ్యాలి. ఒక్క లైనే కదా అని ఒప్పుకున్నాం. సెంటర్లో బస్సులూ ఆటోలూ ఆపేసి ట్యాంకును దక్షిణానికి తిప్పాం.

దక్షిణాన కల్యాణమండపం ఉంది. మొదటి ముహూర్తానికే పెళ్ళి ఫొటోలన్నిటిలో పెళ్ళికొడుకు తలపాగా వెనక నుంచి ఫిరంగి గొట్టం వచ్చింది. ఆ పెళ్ళికూతురి తండ్రి ఓనరును చెడామడా తిట్టి వెళ్ళాడట. డాక్టరు గారి పేరు రాతికెక్కుతోందని ఓనరుకు ముందే తెలుసు. తనకేం తక్కువన్నాడు. రెండో లైను.

పడమటి రోడ్డులో జూనియర్ కాలేజీ ఉంది. వాళ్ళు మొదట సంతోషించారు కూడా. "ట్యాంకు మా వైపు, ర్యాంకు మీ వైపు" అని కరపత్రం వేసి పంచారు. మూడో నెల పరీక్షల్లో మార్కులు చతికిలబడేసరికి తల్లిదండ్రులు ఫిరంగిపోటు అన్నారు. మూడో లైను. ఉత్తరాన ఒక మాజీ కార్పొరేటరు గారి ఇల్లు. అటు తిప్పిన గంటలో ఆయన మనుషులు పాతికమంది వచ్చి, ఇది అవతలి పార్టీ కుట్ర అని క్రేను ముందు పడుకున్నారు. ఆయనకు రెండు లైన్లు కావాల్సివచ్చింది, పేరు కంటే ముందుండే బిరుదులు పొడుగు.

దిమ్మె ముందు వైపు ఎత్తు చేసి గొట్టం ఆకాశానికి పెడదామని ఒకరన్నారు. గన్నవరంలో దిగే విమానాలు ఇటు మీదుగానే పోతాయి, చూసినవాడు ఏమనుకుంటాడని ఇంకొకరు భయపెట్టారు. పోనీ కిందికి వంచుదామంటే, యుద్ధంలో గెలిచొచ్చిన బండి తలొంచుకుని నిలబడటమేమిటని నాకే ఒళ్ళు మండింది.

మాటిమాటికీ క్రేను తెప్పించలేక ప్రెసిడెంటు గారు కొండపల్లి వెళ్ళి చెక్కతో బొమ్మ ట్యాంకు చేయించుకొచ్చారు. ఆ బొమ్మలాయన ఎప్పుడూ ట్యాంకు చెయ్యలేదు. అంబారీ ఏనుగు చేసే చేత్తోనే చేశాడు. గొట్టం కొద్దిగా తొండంలా వంపు తిరిగింది, పైన జవాను బదులు మీసాల మావటి నవ్వుతూ కూర్చున్నాడు. షాపులో గాజు బల్ల మీద కాలనీ పటం పరిచి, మెంబర్లందరం చుట్టూ కూర్చుని ఆ బొమ్మను తిప్పడం మొదలుపెట్టాం. ఎటు తిప్పినా ఎవరో ఒకరు ఆగండాగండి అంటారు. శిలాఫలకం పెట్టబోయే మూలకు గుర్తుగా పటం మీద ఒక అగ్గిపెట్టె నిలబెట్టారు. ఆ మూలకు వెనక కాలవ గట్టు తప్ప ఇల్లూ వాకిలీ లేవు. బొమ్మ తిరిగి తిరిగి అగ్గిపెట్టె వైపు ఆగింది. ఈసారి ఎవరూ ఆగండనలేదు.

"అటెవరున్నారండీ?" అన్నారు సిద్ధాంతి గారు.

"ఎవరూ లేరండి. రాయే," అన్నారు ప్రెసిడెంటు గారు.

అలా ఫిరంగి గొట్టం ఎవరి జ్ఞాపకార్థం తెచ్చామో వాళ్ళ రాయికే గురిపెట్టాం. అందరూ ఒకరి చేతులు ఒకరు కలుపుకున్నారు. నేనూ కలిపాను. ఏడు నెలల నుంచి ఈ తిప్పుడుతో తల ప్రాణం తోకకొచ్చి ఉంది. పేర్లు చెక్కితే చాలు, పిన్ని వచ్చి చూసుకుంటే చాలు అనుకున్నాను.

రాయి ఎప్పుడో వచ్చేసింది, ప్రెసిడెంటు గారి షాపులో నుంచే, నల్ల గ్రానైటు. దాని కొలత పెరగదు. పైన ఆవిష్కర్త, అధ్యక్షత వహించినవారు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, గౌరవ అతిథి, ఆత్మీయ అతిథి. ఈ ఆత్మీయ అతిథికీ గౌరవ అతిథికీ తేడా ఏమిటో ఇంత తెలుగు చదివిన నాకూ తెలియదు. వాళ్ళ కింద కమిటీ, కమిటీ కింద సహకరించినవారు. రాయి చెక్కే ఆయన నాకు ఫోన్ చేసి, ఇంక పట్టదండి మాస్టారూ, ఏదో ఒకటి తగ్గించండి అన్నాడు.

ముందు నేను రాసిన పద్యం తీసేశాను. నొప్పి పుట్టింది, అయినా తీసేశాను. చాల్లేదు. అతిథుల్లో ఒకరిని తగ్గించమంటే ప్రెసిడెంటు గారు చెవులు మూసుకున్నారు. తొమ్మిది పేర్లూ రాయి వెనక వైపు చెక్కిద్దామన్నాను. వెనక మొత్తం ఖాళీయే, పాలిష్ కూడా పెట్టలేదు. అందరికీ కోపం వచ్చింది. అమరవీరుల పేర్లు వెనకపడేస్తారా, అంత అవమానం చేస్తారా, తెలుగు చదువుకున్న మీరేనా ఈ మాటనేది అని నా మీద విరుచుకుపడ్డారు. వెనక వెయ్యడం అగౌరవం కనుక అసలు వెయ్యకపోవడమే గౌరవమని తేల్చారు. అక్షరక్రమంలో మొదటి జవాను పేరు ఒక్కటి ఉంచి, మిగతావాళ్ళను ఒక్క మాటలో చెప్పాలన్నారు. బాబాయి పేరు మూడోది.

అప్పుడు నేను లేచి వచ్చేయాల్సింది. రాలేదు. ఆ ఒక్క మాట ఏది ఉండాలన్న చర్చలో పడ్డాను. చెక్కే ఆయన "తదితరులు" అన్నాడు, ఒక అక్షరం కలిసొస్తుందని. నేను ఒప్పుకోలేదు. తదితరులు అంటే ఆయన కానివాళ్ళు, ఇతరులు, అంటే పరాయివాళ్ళను చేసినట్టు. "మొదలగువారు" అంటే ఆయన మొదలుకొని అందరూ ఒకే వరసలో ఉన్నట్టు. అది గౌరవవాచకం. గంటసేపు వాదించాను. విడదీసి చెప్పాను, ఉదాహరణలిచ్చాను, బల్ల గుద్దాను. చివరికి అందరూ ఒప్పుకున్నారు, మాస్టారు మాస్టారేనన్నారు. టీ తెప్పించారు. గర్వంగా ఇంటికి నడిచి వచ్చాను. కాళ్ళు కడుక్కుంటుంటే తెలిసింది నేను గెలిచిందేమిటో.

పిన్నికి చెప్పాలని మూడుసార్లు ఫోన్ చేశాను. మూడుసార్లూ మోకాళ్ళ గురించి అడిగి పెట్టేశాను. ఆవిష్కరణ రోజు కారు తీసుకుని నేనే చల్లపల్లి వెళ్ళాను, దారిలో చెప్దామని. పిన్ని నీరుకావి రంగు చీర కట్టుకుని, అరుగు మీద తయారుగా కూర్చుని ఉంది. కొత్త కళ్ళజోడు పెట్టుకుంది. రాయి చదవడానికని పోయిన వారమే మార్పించుకుందట. దారి పొడుగునా ఆవిడ బాబాయి సైకిలు సంగతులు చెబుతుంటే ఊఁ కొడుతూ కూర్చున్నాను.

సెంటర్లో షామియానా, మైకు, పూలదండ వేసిన ఫిరంగి గొట్టం. ముసుగు లాగారు, కొబ్బరికాయ కొట్టారు. ప్రసంగాలు మొదలవగానే పిన్ని నా చెయ్యి పట్టుకుని లేచి రాయి దగ్గరికి వెళ్ళింది. ఒకటో తరగతి టీచరు కదా, పై లైను నుంచి మొదలుపెట్టి ప్రతి మాట కింద వేలు పెట్టి చదివింది. అతిథులందరినీ చదివింది. కమిటీని చదివింది, అందులో నా పేరు దగ్గర ఒక క్షణం ఆగింది. డాక్టరు గారిని, మండపం ఓనరును, కాలేజీని, బిరుదులతో సహా కార్పొరేటరును చదివింది. అడుగున ఒక్క లైను మిగిలింది. దాన్ని నేనూ అప్పుడే చూశాను. ఉంచామన్న ఆ ఒక్క జవాను పేరు కూడా లేదు. "మాతృభూమి రక్షణలో అసువులు బాసిన మొదలగువారికి జోహార్లు" అని ఉంది.

పక్కన నిలబడ్డ ప్రెసిడెంటు గారు నా చెవిలో ఊదారు, ఒక్క పేరే ఉంటే మిగతా ఎనిమిది ఇళ్ళవాళ్ళూ ఊరుకోరని, అందుకే నిన్న అందర్నీ సమానం చేశామని.

పిన్ని ఆ లైను రెండుసార్లు చదివింది. "మొదలగు అంటే మొదట ఎవరో ఒకరు ఉండాలి కదరా?"

"ఉండాలి పిన్నీ."

"మరి?"

అక్కడే నిలబడి అంతా చెప్పాను. ట్యాంకు తిప్పిన సంగతి, లైన్లు నిండిపోయిన సంగతి, ఆ మాట నేనే వాదించి పెట్టించిన సంగతి. అరవై దాటినవాణ్ణి, ఊళ్ళోవాళ్ళు మాస్టారూ అని దణ్ణం పెట్టేవాణ్ణి, పిన్ని ముందు హోంవర్కు చెయ్యని పిల్లాడిలా నిలబడి ఏడ్చాను.

"అయితే మీ బాబాయి ఇందులో ఉన్నాడంటావ్," అంది పిన్ని, వేలు ఆ మాట మీదే ఉంచి. "ఎక్కడున్నాడు? గులో ఉన్నాడా, వాలో ఉన్నాడా?"

ఆవిడ రాయి పక్క నుంచి మెల్లగా వెనక్కి నడిచింది. రాయికీ కాలవ రెయిలింగుకూ మధ్య ఒక మనిషి పట్టేంత సందు. వెనక వైపు గరుగ్గా, నల్లగా, నిలువెత్తు ఖాళీగా ఉంది. ఇటెందుకు రాయలేదని అడిగింది. వెనక రాస్తే అవమానమన్నారని చెప్పాను. పిన్ని పెద్దగా నవ్వింది. ఏళ్ళ తరబడి విన్న ఆ లేటు నవ్వు కాదు, వేరే నవ్వు. తర్వాత అరచేత్తో రాయిని అటూ ఇటూ తుడిచి, నల్లబల్లలాగే ఉందిరా అంది. సుద్దముక్క ఉందా అని అడిగింది.

జూనియర్ కాలేజీ వాచ్‌మన్ని అడిగి నాలుగు సుద్దముక్కలు తెచ్చాను. తొమ్మిది పేర్లూ నాకు నోటికి వచ్చు. మొదటి పేరుకు ముందు అలవాటు కొద్దీ "కీ.శే." అని రాసేశాను. పిన్ని కొంగుతో తుడిచేసింది.

"లేటుకు తెలుగు వేషం వేస్తున్నావా? తీసెయ్. ఉత్త పేరు రాయి."

ఉత్త పేర్లు రాశాను. మూడోది బాబాయిది, ఇంటిపేరుతో సహా పూర్తిగా. అటు మైకులో ముఖ్య అతిథి, మొదలగువారి త్యాగం జాతి మరువదని చెబుతున్నారు. పిన్ని వింటున్నట్టు లేదు. కళ్ళజోడు తీసి కొంగుతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. బాబాయి పేరు కింద వేలు పెట్టి ఒక్కో అక్షరం చదివింది. ముట్టుకోలేదు, చెరిగిపోతుందని. "గుండ్రంగా రాశావు," అంది. ఆ మాటకు మళ్ళీ ఏడుపొచ్చింది నాకు. ఆవిడ మాత్రం ఏడవలేదు. కాళ్ళు పీకుతున్నాయి, ఇంక పోదాం పద అంది.

ఆ తర్వాత రాయి సంగతి ఎవరూ పట్టించుకోలేదు. మొదలగువారికి ఏడాదికి రెండుసార్లు దండ వేస్తారు. వెనక వైపుకు కమిటీవాళ్ళు ఎవరూ వెళ్ళరు, వెళ్ళే పనీ ఉండదు.

పిన్ని నాకు రోజూ ఫోన్ చెయ్యదు. చల్లపల్లిలో మబ్బు పట్టినప్పుడు చేస్తుంది. బాగున్నావా, తిన్నావా ఏమీ అడగదు.

"ఇక్కడ పడుతోందిరా. అక్కడ పడిందా?"

"పడింది పిన్నీ. తగ్గగానే వెళ్తాను," అంటాను. జేబులో సుద్దముక్క ఉందో లేదో చూసుకుని చెప్పులేసుకుంటాను.